పాట అయ్యేదాకా బెల్లు కొట్టొద్దు

"ఏంటి?" అంది యంత్రం, మళ్ళీ.

పొద్దున్నుంచీ దానికి ఇదొక్కటే మాట. వంటింటి బల్ల మీద దెసిమీర్ ఇచ్చిన పాత టీవీ, దాని నల్లటి తెర మీద పైమూలన తెల్లటి అక్షరాలు, వాటి వెనక నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డ మనిషిలా ఒక ప్రశ్నార్థకం. నాన్న ఇంట్లోనే చేసిన పాతకాలం కంప్యూటరు ఇది, ఏదైనా తేడా వస్తే అనడానికి దీనికి తెలిసినవి మూడే మాటలు: ఏంటి, ఎలా, క్షమించు. అంతకు మించి నేర్పడానికి దాని బుర్రలో చోటు లేదని అప్పట్లో పత్రికలో రాశారు. ఆ మూడోది ఒక్కసారైనా అంటే బాగుండునని స్పొమెంకకి ఈ నెలంతా అనిపిస్తూనే ఉంది. అది అనదు. చెల్లెలు నెవెంక కూడా అంతే, చిన్నప్పుడు గాజు గిన్నె పగలగొట్టి ముక్కల మధ్య నిలబడి "ఏంటి?" అనేది, తప్పంతా గిన్నెదే అయినట్టు. ఏంటంటే ఏం చెప్పనే నీకు, నా చెల్లెలి క్యాసెట్ నీ నోట్లో పెట్టాను, మింగు, అంతే కదా నేనడిగేది, అని స్పొమెంక పైకే అనేసి, అరవై దాటాక టీవీతో పోట్లాడుతున్నానని తెలుసుకుని, క్యాసెట్ వెనక్కి తిప్పింది. టేపు రికార్డరు కిర్రుమంటూ తిప్పుతోంది. పొయ్యి మీద సర్మ, క్యాబేజీ ఆకుల్లో చుట్టిన మాంసం, నెమ్మదిగా ఉడుకుతోంది. పైఅంతస్తులో దెసిమీర్ మిరపకాయలు కాలుస్తున్నాడు, ఆ వాసన మెట్ల దారంతా నిండిపోయి తలుపు కిందనుంచి లోపలికి వస్తోంది. అక్టోబరు శనివారం అంటే నొవిసాద్‌లో ప్రతి ఇంట్లోనూ ఇదే వాసన. నెవెంక, ఇప్పుడు వేరే దేశమైపోయిన ఓసియెక్ నుంచి, మధ్యాహ్నం రెండు గంటల బస్సుకి దిగుతుంది. అంటే ఈపాటికి బస్సు సరిహద్దు దాటే ఉంటుంది, పాస్‌పోర్టు చూసేవాడు దాని ముద్ర చూసి తిరిగి ఇచ్చేసి ఉంటాడు, అది కిటికీలోంచి మొక్కజొన్న చేలు చూస్తూ తన అక్క ఎంత రాతిగుండెదో లెక్కలు వేసుకుంటూ ఉంటుంది.

స్టేషన్‌కి రావద్దంది. దారి నేనేం మర్చిపోలేదు అంది. పుట్టినరోజులకు ఫోన్లు తప్ప ఈ ముప్పై ఏళ్ళ పైచిలుకులో ఏమున్నాయి కనక వాళ్ళ మధ్య? ఆ ఫోన్లలో కూడా కీళ్ళ నొప్పులు, వాన పడిందా, పడలేదా, పిల్ల బాగుందా, బాగుంది. తన మొగుడు రాత్కొ పోయినప్పుడు నెవెంక దండ పంపింది, మనిషి రాలేదు. నెవెంక మొగుడు పోయినప్పుడు స్పొమెంక దండ పంపింది, అదీ లెక్కకు లెక్క సరిపెట్టినట్టు. అలాంటిది పోయిన నెల తనంతట తనే ఫోను చేసి, నేరు బస్సు మళ్ళీ వేశారటక్కా, ఒకసారి వచ్చి పోతాను అంది. సంతోషించేలోపే ఇంకో మాట అంది. "ఆ చివరి క్యాసెట్ ఇంకా ఉంచావా?" ఉంది, ఎక్కడికి పోతుంది అంది స్పొమెంక. "అందులో నేనడిగినదానికి నువ్వు జవాబే ఇవ్వలేదు. పోన్లే, వచ్చాక మాట్లాడుకుందాం." ఫోను పెట్టేశాక స్పొమెంక ఆ మాటే మళ్ళీ మళ్ళీ తిరగేసుకుంది. అడిగిందా? అందులో ఏదో అడిగిందా? ఏమడిగావే అని తిరిగి ఫోను చేసి అడిగితే పోయేదానికి ఇంత తంటా ఏమిటంటే, అడగడానికి నోరేదీ? ఆ క్యాసెట్ చూశావా అని నెవెంక అది పంపిన వేసవిలోనే అడిగింది, చూశానని తను చెప్పింది. చూడలేదు. అది ఎక్కలేదు. చూడనిదాన్ని చూశానన్నాక, ఇన్నేళ్ళ తర్వాత అందులో ఏముందని ఏ మొహంతో అడగడం? అందుకని, నెవెంక ఆ గుమ్మంలో అడుగుపెట్టేలోపు ఈ క్యాసెట్ ఈ యంత్రంలోకి ఎక్కాలి, అది అడిగిందేమిటో తనకు తెలియాలి. ఎక్కకపోతే, అబద్ధాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని భోజనం వడ్డించాలి.

అమ్మ కుట్టుమిషను అడిగి ఉంటుంది. లేదా అంబరు పూసల దండ. ఆ దండ మీద దానికి మొదట్నుంచీ కన్నే.

నేలమాళిగలోంచి దీన్ని పైకి తెచ్చిన రోజు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పులిసిన క్యాబేజీ పీపా వెనక, రాత్కొ చేపలుపట్టే గేలాల కింద, అట్టపెట్టెలో. పెట్టె అడుగు చెమ్మకు మెత్తబడి, ఎత్తగానే అడుగు అక్కడే ఉండిపోయి యంత్రం మాత్రం చేతిలోకి వచ్చింది. నాన్న చేసిన చెక్క పెట్టె ఉబ్బింది. మూత తీస్తే లోపల క్యాబేజీ వాసన. కరెంటు సరఫరా చేసే డబ్బాలో కెపాసిటర్లు కారి జిగురు జిగురుగా ఉన్నాయి, అవన్నీ తీసి కొత్తవి టంకం వేసేసరికి కళ్ళజోడు మీద కళ్ళజోడు పెట్టాల్సి వచ్చింది. చిప్పుల కాళ్ళు నల్లబడి ఉంటే ఒక్కొక్కటీ పీకి, రబ్బరుతో రుద్ది, మళ్ళీ గుచ్చింది. ఒకదాని కాలు విరిగింది, దానికి వైరు ముక్కతో కొయ్యకాలు పెట్టింది. రికార్డరు తెరిస్తే లోపల రబ్బరు బెల్టు కరిగి తారులా అయిపోయింది, గోళ్ళ సందుల్లోంచి ఆ నలుపు పోవడానికి వారం పట్టింది. ఇదంతా అయ్యాక ఇంట్లో ఉన్న పల్చటి టీవీ దీన్ని గుర్తుపట్టనంది. సిగ్నల్ లేదు అంది మర్యాదగా. అప్పుడు దెసిమీర్ తన గరాజ్‌లోంచి ఈ బండరాయిని మోసుకొచ్చి బల్ల మీద పెట్టి, నడుం పట్టుకుని, "చూడమ్మా స్పొమెంకా, మ్యూజియం వాళ్ళెవరైనా వస్తే నిన్నూ నన్నూ దీంతోపాటు ఒకే బండిలో వేసుకుపోతారు, అద్దాల బీరువాలో పక్కపక్కనే పెడతారు, నాకైతే అభ్యంతరం లేదు" అన్నాడు. ముందు తిన్నగా నిలబడు, బీరువా సంగతి తర్వాత అంది తను. యంత్రం మొదటిసారి వెలిగి "సిద్ధం" అని చూపించినప్పుడు మాత్రం ఇద్దరూ చప్పట్లు కొట్టారు. తర్వాత మీటలు ఒక్కొక్కటే నొక్కి చూస్తే డి తప్ప అన్నీ పలికాయి. డిని పీకి, స్పిరిటుతో కడిగి, లోపలి రేకు వంచి, ఆరబెట్టి, బతిమాలి, తిట్టి, మళ్ళీ పెట్టినా అది ఉలకలేదు పలకలేదు. పోనీ, ఒక అక్షరం లేకపోతే కొంపేం మునగదులే అని వదిలేసింది.

వెనక్కి తిప్పడం అయింది. మళ్ళీ మీట నొక్కింది. రికార్డరులోంచి ముందు సన్నటి ఈల, తర్వాత గరగర, కప్పల కచేరీ. టేపు మీద ప్రోగ్రాం దాచుకున్న ఈ చప్పుడుని వాళ్ళ ఇంట్లో పాట అనేవారు. క్యాసెట్ పాడుతోంది అనేవారు. ఈ పాట పుట్టిన ఇల్లే ఇది. ఈ బల్ల మీదే నాన్న, రేడియోలు బాగుచేసే స్వెటొజార్ మేస్త్రి, పత్రికలో వేసిన పటం చూసి ఒకటికి రెండు యంత్రాలు చేశాడు, ఇద్దరు కూతుళ్ళకు రెండు, లేకపోతే ఇంట్లో యుద్ధమవుతుందని. బయటి దేశంవి తెచ్చుకోవడానికి అప్పుడు వీల్లేదు, తెచ్చినా కస్టమ్స్ వాడి పాలే, కాబట్టి దేశంలో కుర్రకారంతా ఇళ్ళల్లో టంకం వేసుకుంటూ కూర్చునేవారు, వాళ్ళ మధ్య ఈ ఇద్దరు అక్కచెల్లెళ్ళు, పొగతో కళ్ళు నీళ్ళు కారుతూ. తలుపు బెల్లు కూడా నాన్నే చేశాడు, ఏదో పాత రేడియో గుండె పెట్టి. అది మోగిందంటే నిప్పురవ్వ ఎగిరేది, ఆ రవ్వకి క్యాసెట్ పాట తెగిపోయేది, యంత్రం "ఏంటి?" అనేది, మళ్ళీ మొదటికి. అందుకని నాన్న శాసనం చేశాడు: లోపల పాట వినిపిస్తుంటే ఎవరూ బెల్లు కొట్టకూడదు, పాట అయ్యేదాకా మెట్ల మీద నిలబడాలి. అమ్మ బజారు సంచులు రెండు చేతులా పట్టుకుని బయట నిలబడి, "మీ పాటకి పాడె కట్టా, ఇంకెంతసేపు, గుడ్లు పొదిగేలా ఉన్నాయి" అని తిట్టిపోసేది, కానీ బెల్లు మాత్రం కొట్టేది కాదు. పోస్టువాడు కూడా కొట్టేవాడు కాదు. స్పొమెంకకి నగర రేడియోలో ఉద్యోగం వచ్చాక శనివారం సాయంత్రం ఆ పాటని ఊరంతటికీ వేసింది తనే, రికార్డర్లు సిద్ధం చేసుకోండి అని చెప్పి మీట నొక్కితే ఇళ్ళల్లో పిల్లలు టేపు మీద పట్టుకునేవాళ్ళు, ముసలివాళ్ళు మాత్రం స్టేషన్‌కి ఫోను చేసి మీ రేడియోకి ఏదో జబ్బు చేసింది, డాక్టర్ని పిలవండి అనేవాళ్ళు. ఎంత బాగుండేవి ఆ శనివారాలు. ఎంత చవగ్గా నవ్వొచ్చేది.

పైన ఘర్రుమంది. మిరపకాయలు రుబ్బే మిషను. టీవీ తెర మీద గీతలు పరిగెత్తాయి, పాట మధ్యలో ఎక్కిళ్ళు పెట్టింది.

"ఏంటి?"

స్పొమెంక కుర్చీ వెనక్కి తోసి, తలుపు తీసి, మెట్ల మీదకు వచ్చి తలెత్తి అరిచింది. "దెసిమీర్! ఆ మిషను ఆపుతావా, నన్ను పైకి రమ్మంటావా?"

"పైకి రమ్మనే ఇన్నేళ్ళుగా అంటున్నా, వచ్చావా?" పైనుంచి నవ్వు, పొగ, మళ్ళీ నవ్వు. "ఇంకొక్క గంపెడే ఉందమ్మా, రుబ్బేస్తే అయిపోతుంది."

"నా చెల్లెలు వచ్చి కూర్చున్నాక రుబ్బుకో. అప్పుడు నన్ను రుబ్బినా అడగను."

"ఏం, ఎక్కలేదా ఇంకా? ఎన్నిసార్లు పెట్టావు?"

"లెక్కపెట్టడానికి నాకు తీరికేదీ!"

"ఆ రికార్డరుకి నాలుగు తగిలించు. మా నాన్న అలాగే చేసేవాడు, అన్నిటికీ." కాసేపాగి, గొంతు తగ్గించి, "సరేలే, ఆపేశాను. ఆవిడొచ్చాక ఒక సీసా అయ్‌వార్ పచ్చడి పంపిస్తా. ఓసియెక్‌లో ఇలాంటిది దొరకదని చెప్పు."

తలుపు వేసి వచ్చి కూర్చుంది. గోడ గడియారం వైపు చూడకూడదనుకుని చూసింది. బస్సు ఊళ్ళోకి వచ్చేసి ఉంటుంది. రిఫ్రిజిరేటర్ ప్లగ్గు కూడా పీకేసింది, అదెక్కడ మధ్యలో గుర్రుమంటుందోనని. ఇక తప్పు పెట్టడానికి ఇంట్లో ఏమీ మిగల్లేదు, ఆ క్యాసెట్ తప్ప. తన క్యాసెట్లు అన్నీ ఎక్కాయి కదా, నేలమాళిగ చెమ్మలో అదే పెట్టెలో అన్నేళ్ళు పడి ఉన్నవే, నిన్న ఒక్కొక్కటీ పెడితే నీళ్ళు తాగినట్టు ఎక్కాయి. ఇదొక్కటే గొంతుకి గుడ్డ అడ్డం పెట్టుకుని పాడినట్టు మందంగా, మూగగా వినిపిస్తుంది. ఎందుకో స్పొమెంకకి తెలుసు. తెలియకపోవడమేమిటి, బతుకంతా శబ్దం పని చేసిన మనిషికి? నెవెంక రికార్డరులో హెడ్ వంకర. టేపుని తాకే ఆ చిన్న ఇనప ముక్క నిటారుగా ఉండాలి, దానిది ఒక పక్కకు ఒరిగి ఉంటుంది, అది ఒరిగి రాసింది నిటారుగా ఉన్నదానికి చదవడం రాదు. మొదటి క్యాసెట్ నుంచీ ఇదే గొడవ. నెవెంక పెళ్ళి చేసుకుని ఓసియెక్ పోయాక, అదీ తనూ కలిసి ఒక ఆట రాసుకునేవాళ్ళు, ఈ ఇల్లే ఆ ఆట, ఒక్కో క్యాసెట్‌లో ఒక్కో గది. హాల్లో ఉన్నావు, అద్దం ముందు నాన్న టోపీ ఉంది, టోపీ ఎత్తుతావా? ఎత్తితే కింద తాళం చెవి. ఒక గది తను రాసి చివర ఒక ప్రశ్న పెట్టి పంపితే, జవాబు ఇచ్చి ఆ పై గది నెవెంక రాసేది. క్యాసెట్‌ని కవర్లో పెట్టి ఓసియెక్ బస్సు డ్రైవరు చేతిలో పెడితే చాలు, అక్కడ స్టేషన్‌లో అందుకునేది, మళ్ళీ సాయంత్రం బస్సుకి అటునుంచి ఇటు. డ్రైవర్‌కి ఒక కాఫీ పొట్లం. అన్నీ బాగానే ఉండేవి, నెవెంక క్యాసెట్ ఎక్కకపోవడం తప్ప. నీ హెడ్ సరిచేసుకుని మళ్ళీ రికార్డు చేసి పంపు అని తను తిప్పి పంపేది. వంకర నాది కాదు నీది అని అది చీటీ పెట్టేది, చివరికి అదే సరిచేసి మళ్ళీ పంపేది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు, ఇద్దరికీ. నీ స్క్రూ నువ్వు కాస్త తిప్పుకోవచ్చుగా అక్కా, నేను నీ క్యాసెట్‌కి రోజూ తిప్పుకోవట్లేదా, విని, మళ్ళీ నాదానికి తిప్పుకుంటాను, వేలికేం నొప్పి? అనేది. తిప్పను అంది స్పొమెంక. స్టూడియోలో అది మొదటి పాఠం. ఒక్క చెడ్డ టేపు కోసం హెడ్ కదిపితే మంచివన్నీ చెడతాయి. తప్పుగా రాసినవాళ్ళే మళ్ళీ రాయాలి. మాట న్యాయమైనదే. ఈ రోజుకీ న్యాయమైనదే. మొన్న కొత్త బెల్టు వేశాక పరీక్ష టేపు పెట్టి, వెంట్రుకవాసి తేడా లేకుండా హెడ్ నిటారు చేసి, స్క్రూ కదలకుండా దాని తల మీద ఎర్రటి గోళ్ళ రంగు చుక్క పెట్టి ముద్ర వేసింది కూడా, స్టూడియోలో వేసినట్టే.

ఆ చివరిది మాత్రం తిప్పి పంపడానికి బస్సు లేకపోయింది. ఆ వేసవి ఆఖర్న, యుద్ధం మొదలవుతుండగా, బస్సులు ఒక రోజు వచ్చి రెండు రోజులు మానేసి, తర్వాత పూర్తిగా మానేశాయి. టీవీలో ఒకటే అరుపులు, దాని ముందు రాత్కొ, దానికంటే గట్టిగా. ఓసియెక్ పేరు ఇంట్లో ఎత్తితే చాలు, మీ మరిదిగారి జాతివాళ్ళు ఏం చేస్తున్నారో చూశావా అనేవాడు. ఫోను మోగితే ముందు తనే ఎత్తేవాడు. ఆ సాయంత్రం ఎత్తి, మాట్లాడకుండా, రిసీవరు తన వైపు చాపి, కదలకుండా అక్కడే కూర్చున్నాడు. "క్యాసెట్ అందిందా అక్కా? చూశావా?" అంది నెవెంక, గొంతు దూరంగా, గరగరగా. అప్పుడు ఎక్కలేదే అని ఒక్క మాట అంటే సరిపోయేది. అంటే మళ్ళీ హెడ్ గొడవ, వంకర ఎవరిది, స్క్రూ ఎవరు తిప్పాలి, రాత్కొ పక్కన వింటూ. అంత ఓపిక ఎవరికుంది? చూశాలే, అంది. "చూశావా? మరి?" మరేముంది, చూశాను, బాగుంది. లైను పోయిందేమో అనుకుంది. పోలేదు. "సరే అక్కా," అంది నెవెంక. ఆ తర్వాత కొన్ని రోజులకే నిజంగా లైను పోయింది, ఇక్కణ్ణుంచి అక్కడికి ఫోన్లు లేవు, ఉత్తరాలు లేవు. ఆ శరత్కాలమంతా నెవెంక, నాలుగేళ్ళ కూతురు తిహానని ఒళ్ళో పెట్టుకుని, బాంబులు పడుతుంటే ఓసియెక్‌లో నేలమాళిగలో గడిపిందని, పిల్ల ఉరుము ఉరిమినా బల్ల కింద దూరేదని, అదంతా స్పొమెంకకి చాలా ఏళ్ళకు ఎవరెవరి నోటో తెలిసింది. నెవెంక తనంతట తను ఎప్పుడూ చెప్పలేదు. ఆ "సరే అక్కా" మాత్రం చెవిలో ఉండిపోయింది. ఆ గొంతులో ఏదో ఉంది. ఏ పరీక్ష టేపుకీ అందనిదేదో. కుట్టుమిషను కోసం మనిషి అలా అనదు.

ఏమడిగావే? చెప్పి చావవే. నిన్ను కాదు, ఆ యంత్రాన్ని అంటున్నాను. కాదు, నిన్నే.

గడియారం రెండు దాటి ఎంతసేపైందో. స్టేషన్ నుంచి నడక, దానిది వేగం నడక, సంచి ఉంటే కాస్త నెమ్మది. స్పొమెంక క్యాసెట్ వెనక్కి తిప్పింది. చిన్న స్క్రూడ్రైవరు చేతిలోకి తీసుకుంది, కింద పెట్టింది, గ్యాస్ తగ్గించి వచ్చింది, మళ్ళీ తీసుకుంది. ఎర్ర చుక్క కేసి చూసింది. కదిపితే తన క్యాసెట్లు ఒక్కటీ ఎక్కవు. ఎక్కకపోతే ఏం, వాటిలో ఏముందో తనకు తెలుసు కదా, రాసింది తనే. ఇంత చిన్న సంగతి ఇన్నేళ్ళు ఎందుకు తోచలేదో, తోచినా ఎందుకు చెయ్యలేదో. ఆడలేక మద్దెల ఓడన్నట్టు చెమ్మనీ, కెపాసిటర్లనీ, దెసిమీర్ మిరపకాయల్నీ తిట్టుకుంటూ నెలరోజులు గడిపింది, స్క్రూడ్రైవరు పట్టుకోవాల్సి వస్తుందేమోనని భయపడి. తన మీద తనకే వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. గోరుతో ఆ రంగు గీకింది. పెళుసుగా లేచి బల్ల మీద పడింది. పాట పెట్టి, చెవి దగ్గరగా ఆనించి, స్క్రూని రవ్వంత కుడికి తిప్పింది. ఇంకా మందం. ఎడమకి. గుడ్డ కాస్త జారింది. ఇంకొంచెం, ఇంకొంచెం వంకరగా, ఎంత వంకరే నీది, ఇంత ఒరిగి ఎలా బతికావే, ఇంకా, ఇంకా, అంతే, ఉన్నట్టుండి గుడ్డ తొలగి పాట సన్నగా, పదునుగా, పచ్చిగా చెవిలో దూసుకుపోయింది. ఆహా. అదీ. అది నెవెంక రికార్డరు గొంతే, దాని బెల్టు వదులు, ప్రతి క్యాసెట్‌లోనూ మధ్యలో ఒక చోట చిన్న కునుకు తీసి లేచేది, ఈ కునుక్కి అప్పట్లో ఎన్నిసార్లు నవ్వుకున్నారని. కునుకు వచ్చింది, పోయింది, పాట సాగింది. స్పొమెంక వెనక్కి తిప్పి, యంత్రానికి చెప్పి, మొదట్నుంచి పెట్టింది. తెర మూల ఒక చుక్క మిణుకుమిణుకుమనడం మొదలుపెట్టింది. ఎక్కుతోంది. ఊపిరి పీల్చకు.

అప్పుడు కింద వీధి తలుపు చప్పుడైంది.

దెసిమీర్ అయితే పైనున్నాడు. మెట్ల మీద అడుగులు, ఒక అడుగు, సంచి మెట్టుకి తగిలిన చప్పుడు, మళ్ళీ అడుగు. మోకాలు నొప్పి అన్నది నిజమే అన్నమాట. చుక్క మిణుకుతూనే ఉంది. స్పొమెంక చేతులు బల్ల అంచుని పట్టుకున్నాయి. లేచి తలుపు దగ్గరకు పరిగెత్తి బెల్లు కొట్టకే అనాలని ఉంది, లేస్తే ఈ బల్ల కదులుతుంది, బల్ల కదిలితే ఆ కొయ్యకాలు చిప్పు కదులుతుంది. నాన్న బెల్లు ఇంకా అదే, మార్చలేదు, ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు మార్చాలనుకుందో. ఇప్పుడు నెవెంక వేలు పెడుతుంది, రవ్వ ఎగురుతుంది, పాట తెగుతుంది, "ఏంటి?" అంటుంది యంత్రం, అంతే, నెవెంక లోపలికి వస్తుంది, ఏంటి అని అదీ అంటుంది. అడుగులు తలుపు దగ్గరకు వచ్చాయి. సంచి కింద పెట్టిన చప్పుడు. పాట మధ్యలో కునుకు వచ్చింది. తలుపు అవతల కూడా ఆ కునుకు వినిపించే ఉంటుంది, అంత పల్చటి తలుపు. స్పొమెంక కళ్ళు మూసుకుంది.

బెల్లు మోగలేదు.

పాట సాగుతోంది. బెల్లు మోగలేదు. మెట్టు మీద బరువుగా ఎవరో కూర్చున్న చప్పుడు, ఒక నిట్టూర్పు, అమ్మ సంచులు దింపినప్పుడు విడిచేదే. దానికి తెలిసిపోయింది. తన టేపు గొంతు దానికి తెలియదా? ఇది ఆ క్యాసెట్టేనని, ఇప్పుడే, ఈ నిమిషంలోనే మొదటిసారి ఎక్కుతోందని, చూశానన్నది అబద్ధమని, అక్కడ మెట్టు మీద కూర్చుని అంతా వింటోంది. కోపం వస్తే బెల్లు మీద ఒక్క వేలు చాలు. లేచి సంచి తీసుకుని వెళ్ళిపోవడానికీ మెట్లున్నాయి. కూర్చునే ఉంది. స్పొమెంక చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి తీస్తే బల్ల కదులుతుందని తుడుచుకోలేదు. లోపల తనూ, బయట అదీ, నాన్న శాసనాన్ని పాటిస్తూ, పాట అయ్యేదాకా.

పాట ఆగింది. తెర నల్లబడింది. తర్వాత అక్షరాలు ఒక్కో వరుసే వచ్చాయి.

నువ్వు వంటింట్లో ఉన్నావు. పొయ్యి మీద ఏదో ఉడుకుతోంది. తలుపు అవతల నెవెంక నిలబడి ఉంది. చేతిలో ఒక సంచి. పక్కన తిహాన. వాళ్ళకి వెళ్ళడానికి ఇంకో చోటు లేదు. బావకి ఏం చెబుతావో నాకు తెలియదు. తలుపు తీస్తావా? తీస్తే డి నొక్కు. తీయనంటే ఎన్ నొక్కు.

చూశాను. బాగుంది.

స్పొమెంక డి నొక్కింది. ఏమీ కాలేదు. గట్టిగా నొక్కింది. గోరుతో, బొటనవేలితో, పిడికిలితో నొక్కింది. ఎన్ దాని పక్క వరుసలోనే ఉంది, నున్నగా, ఆరోగ్యంగా, వేలు ఆనితే చాలు పలికేలా. డి చచ్చి పడి ఉంది. తెర అలాగే ఉంది, తలుపు తీస్తావా, తలుపు తీస్తావా అంటూ చివర్న తెల్లటి చదరపు గడి ఆరి వెలుగుతోంది. నీ దుంప తెగ, ముప్పై ఏళ్ళకి దొరికిన జవాబు ఇవ్వనివ్వవేం, అని మీటల పలకని ఒక్క గుద్దు గుద్దింది. టీవీ కళ్ళు ఆర్పి తెరిచింది. ప్రశ్న మాత్రం కదల్లేదు. కుర్చీ వెనక్కి పడిపోయిన చప్పుడు విని తను లేచి నిలబడ్డానని తెలిసింది. వెళ్ళి తలుపు తీసింది.

నెవెంక పైమెట్టు మీద కూర్చుని ఉంది, నెరిసిన జుట్టు, మోకాలి మీద చెయ్యి, పక్కన సంచి. తలెత్తి చూసింది. అంబరు రంగు కళ్ళు చిన్నప్పటిలాగే ఉన్నాయి.

"ఎక్కిందా?" అంది.

"ఎక్కింది."

"అంటే అప్పుడు చూడలేదు నువ్వు."

"లేదు."

"చూశానన్నావు. బాగుందన్నావు."

"అన్నాను," అంది స్పొమెంక.

నెవెంక ఆమె జేబులోంచి తొంగిచూస్తున్న స్క్రూడ్రైవరుకేసి చూసింది. "నీ స్క్రూ తిప్పావా?"

"తిప్పాను."

"ఏం నొక్కావు?"

"డి పని చెయ్యట్లేదే. నొక్కీ నొక్కీ వేలు పోయింది. అందుకే వచ్చాను."

నెవెంక గోడ పట్టుకుని, మోకాలిని తిట్టుకుంటూ లేచింది. సంచి ఎత్తింది. పైనుంచి దెసిమీర్, "స్పొమెంకా, ఇప్పుడు రుబ్బుకోవచ్చా?" అని అరిచాడు.

"జరుగు మరి," అంది నెవెంక. "గుమ్మానికి అడ్డంగా నిలబడితే నేనెలా రాను?"